నోటుబుక్ పోతే పాట పోయినట్టేనా?

ప్రశ్న: మా గురువుగారు తాను కట్టిన ఒక కీర్తన నాకొక్కదానికే నేర్పారు. ఆయన ఇప్పుడు లేరు. స్వరం రాసుకున్న నోటుబుక్ వానకు తడిసి పాడైంది, రికార్డింగ్ లేదు. మొన్న మా అమ్మాయికి నేర్పుతుంటే "నిన్న ఇలా పాడలేదు కదమ్మా" అంది. నిజమే, తప్పు పాడాను. పల్లవిలో రెండో సంగతి (అదే పంక్తిని కాస్త మార్చి పాడే తీరు) గురువుగారిదో, నేను కల్పించుకున్నదో కూడా గుర్తు రావడం లేదు. ఇంతకీ ఆ కీర్తన ఉన్నట్టా, లేనట్టా? – ఒక పాఠకురాలు

జవాబు: ఉందమ్మా. తడిసింది గుర్తులు రాసుకున్న కాగితమే. పోనీ కీర్తనంటే వినిపించే శబ్దమా అంటే అదీ కాదు. బీథోవెన్ అయిదో సింఫనీని మొదటిసారి 1808 డిసెంబరు 22న వియన్నాలో వాయించారు. ఆ రాత్రి మోగిన శబ్దం ఆ రాత్రే ఆగిపోయింది, సింఫనీ మాత్రం ఇంకా ఉంది.

మరి అదేమిటి? 'అ' అని వెయ్యిచోట్ల రాసినా అక్షరం ఒక్కటే కదా, పాటా అలాంటిదేనని చాలామంది తత్త్వవేత్తల మాట. వినడానికి బాగానే ఉంది. కానీ స్వరాల వరసలు ఎప్పుడూ ఉండేవే అయితే మీ గురువుగారు కట్టిందేముంది, వెతికి పట్టుకున్నారంతే! పీటర్ కివీ అనే ఆయన అవును, అంతే అన్నారు. నాకది మింగుడుపడదు. వరస ఒక్కటే కాదు, ఫలానా మనిషి ఫలానా కాలంలో నిర్ణయించిన వరసే కృతి అని 1980లో జెరాల్డ్ లెవిన్సన్ అనే మరో తత్త్వవేత్త అన్నారు. నా ఓటు ఆయనకే. ఆయన లెక్కలో మీ కీర్తనకు పుట్టుక ఉంది.

నెల్సన్ గుడ్‌మన్ అనే ఇంకో తత్త్వవేత్త మరీ కఠినం. రాసిన స్వరాల్లో ఒక్కటి తప్పినా ఆ కృతి వాయించినట్టే కాదని 1968లో తేల్చేశారు. ఒక్కో తప్పూ పోనిమ్మంటూ పోతే చివరికి సింఫనీ పిల్లల పాటైపోతుందని ఆయన భయం. నేను ముప్పై ఏళ్లు వయొలిన్ వాయించాను. ఆయన ప్రకారం నేను వాయించిన కృతులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు!

అయితే మీ అమ్మాయి పట్టుకున్న తప్పు చూడండి. దేనితో పోల్చి అది తప్పని మీరు ఒప్పుకున్నారు? నిన్నటి పాటతో కాదు, నిన్నా తప్పే పాడి ఉండొచ్చు. ఆ పోల్చిచూసుకున్నదే కీర్తన. తప్పు పాడినప్పుడు కూడా మీరు పాడింది దాన్నే.

రెండో సంగతి సంగతి వేరు. ఒకే కృతికి పాఠాంతరాలుండటం మనకు కొత్త కాదు, సంగతి మారినంత మాత్రాన కీర్తన మారిపోదు. కానీ గురువుగారు ఏది నేర్పారన్నదానికి జవాబు ఒక్కటే. అది ఏ తత్త్వవేత్తా చెప్పలేడు, మీకే గుర్తు రావాలి. అందాకా అమ్మాయికి ఆ సంగతితోనూ, అది లేకుండానూ నేర్పండి. అది ఎవరిదో తెలియదని కూడా చెప్పండి.