జర్మనీలో నర్సింగ్ చదువుతూ కథలు రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

నీ కథ, దాంతోపాటు పంపిన ఉత్తరం రెండూ చదివాను. మర్నాడు కథ మళ్లీ చదివాను. రెండోసారి కోపం వచ్చింది. అందుకే వెంటనే రాస్తున్నాను. నీ వాక్యం శుభ్రంగా ఉంటుంది, తప్పులు లేవు. ఇక అసలు సంగతి.

నీ కథలో వృద్ధాశ్రమంలో నైట్ డ్యూటీలో ఉన్న తెలుగమ్మాయి కిటికీ దగ్గర నిలబడి మంచు కురవడం చూస్తుంది. అమ్మ గుర్తొస్తుంది. సంక్రాంతి ముగ్గులు గుర్తొస్తాయి. గోంగూర పచ్చడి గుర్తొస్తుంది. ఇలా మూడు పేజీలు. తర్వాత ఆ అమ్మాయి నిద్రపట్టక అల్లాడుతున్న ఒక పెద్దావిడ గదిలోకి వెళ్లి ఒళ్లు తుడుస్తుంది. అది అర పేరా. ఆ అర పేరాలో ఈ మాటలున్నాయి: ‘వెంట్రుకలు పెరిగిన వైపుగా తుడిస్తే మనిషి నెమ్మదిస్తుందని మాకు నేర్పారు. ఆవిడ చెయ్యి అలాగే తుడిచాను.’ అంతే, పేరా అయిపోయింది, మళ్లీ కిటికీ, మళ్లీ మంచు.

ఆ రెండు వాక్యాల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఇన్నేళ్లుగా తెలుగు కథలు చదువుతున్నాను, ఇలాంటి మాట నాకు ఎక్కడా తగల్లేదు. ఇదేమిటో తెలుసుకోవాలని మా మనవడిని కూర్చోబెట్టి వెతికించాను. ఆండ్రెయాస్ ఫ్రోలిష్ అనే ఆయన 1970లలో తీవ్రమైన వైకల్యం ఉన్న పిల్లల కోసం మొదలుపెట్టిన పద్ధతిట. క్రిస్టెల్ బీన్‌ష్టైన్ అనే ఆవిడ తర్వాత దాన్ని నర్సింగులోకి తెచ్చిందిట. మనిషిని నెమ్మది పరచాలంటే గోరువెచ్చటి నీళ్లతో, వెంట్రుకలు పెరిగిన వైపుగా తుడవాలి. మందకొడిగా పడి ఉన్న మనిషిని లేపాలంటే కాస్త చల్లటి నీళ్లతో, వెంట్రుకలకు ఎదురు తుడవాలి. ఇది నీ చేతులకు తెలుసు. నీ కథ చదివేవాళ్లలో నూటికి తొంభై మందికి తెలియదు. తెలిసినది అర పేరాలో పెట్టి, అందరికీ తెలిసిన మంచుకు మూడు పేజీలు ఎందుకిచ్చావు?

ఎన్నేళ్లు రాసినా నేను వదలని పట్టు ఇది ఒక్కటే: పని రాయాలి. మనిషి చేసే పనిని, చేసిన వరసలో, చేసినంత సేపూ రాయాలి. బేసిన్‌లో నీళ్లు ఎక్కడ పట్టావు? వేడి చూసింది మోచేత్తోనా, మణికట్టుతోనా? ఏ చెయ్యి ముందు? తుడవని భాగం మీద తువ్వాలు ఎలా కప్పి ఉంచావు? మొహానికి వాడిన గుడ్డ, కింద వాడే గుడ్డ వేరు కదా, అది ఆవిడకు కనబడేలా తీశావా, కనబడకుండానా? ఆవిడ చెయ్యి బరువుగా ఉందా, నువ్వు ఎత్తబోతే తనే అందించిందా? ఎప్పుడు నెమ్మదించింది, నీకు ఎలా తెలిసింది? ఊపిరి మారిందా? ఇవన్నీ రాస్తే ఆ అమ్మాయికి అమ్మ గుర్తొచ్చిందని నువ్వు చెప్పనక్కర్లేదు. చదివేవాడికే తన అమ్మ గుర్తొస్తుంది.

నీ ఉత్తరమే నీ కథ కంటే బాగుంది. మూడేళ్ల శిక్షణలో 2100 గంటలు క్లాసు, 2500 గంటలు పని అని రాశావు. 2020 నుంచి కొత్త చట్టం వచ్చి, పిల్లల నర్సింగూ పెద్దవాళ్ల సంరక్షణా మామూలు నర్సింగూ ఒకే చదువుగా కలిపేశారనీ, అందుకే ఆసుపత్రి, వృద్ధాశ్రమం, ఇళ్లకు వెళ్లి చేసే సేవలు, పిల్లల వార్డు, మానసిక వైద్యం అన్నీ తిరగాలనీ రాశావు. పని గంటల్లో కనీసం 10 శాతం శిక్షకురాలు పక్కన ఉండి నేర్పాలని రూలు ఉన్నా, మనుషులు చాలక ఆవిడను వేరే వార్డుకు లాగేస్తే నువ్వొక్కదానివే మిగిలావని రాశావు. ఆ పూట ఏమైంది? ఎనిమిది మందిని ఒక్కదానివే ఎలా లేపావు? కాళ్లకు బిగుతు మేజోళ్లు మంచం దిగకముందే తొడగాలి కదా, ఎవరికి ముందు తొడిగావు, ఎవరు బాత్‌రూమ్‌కు ఆగలేకపోయారు? తర్వాతి షిఫ్టు వాళ్లకు ఒప్పజెప్పేటప్పుడు జరిగింది జరిగినట్టు చెప్పావా, కొంత మింగేశావా? అది కథ.

ఇంకొకటి. ‘అమ్మ ఊళ్లో అందరికీ నేను పెద్ద ఆసుపత్రిలో చేస్తున్నానని చెబుతోంది, ముసలివాళ్లకు స్నానం చేయిస్తానని మాత్రం చెప్పదు’ అని రాశావు. ఇది కథలో ఎందుకు లేదు తల్లీ? మన దగ్గర ఆసుపత్రిలో పేషెంటుకు ఒళ్లు తుడిచేది, అన్నం తినిపించేది ఇంటి మనిషో ఆయానో. నర్సంటే ఇంజెక్షన్, సెలైన్, మందులు. అక్కడ ఒళ్లు కడగడం నర్సింగుకు మొదటి పాఠం. నరానికి ఇంజెక్షన్ మాత్రం చాలాచోట్ల డాక్టరే చేస్తాడు. మన దగ్గర నాలుగేళ్లు బీఎస్సీ నర్సింగ్ చదివి, ఐసీయూలో పనిచేసి వెళ్లినవాళ్లకు ఇది ఎంత కష్టంగా ఉంటుందో నీ రూమ్మేట్ గురించి రాసిన ఆ ఒక్క మాటలోనే తెలిసింది. మన సమాజంలో ఎవరి ఒళ్లు ఎవరు ముట్టుకుంటారు, ఏ పనిని ఎవరికి వదిలేస్తారు అన్నదాంట్లో కులం ఉంది, ఆడతనం ఉంది, డబ్బు ఉంది. ఇవన్నీ మీ అమ్మ చెప్పని ఆ ఒక్క వాక్యం వెనకాల ఉన్నాయి. నీ కథలో అమ్మాయి ఆ పనికి సిగ్గుపడి ఏడుస్తుంది. నీ ఉత్తరంలో నువ్వు ఎక్కడా సిగ్గుపడలేదు. మరి ఆ అమ్మాయి చేత ఎందుకు ఏడిపించావు? ఏడిస్తేనే పత్రికలు వేసుకుంటాయని ఎవరైనా చెప్పారా?

చెప్పే ఉంటారు. నాకూ చెప్పారు. మాది కందుకూరు వైపు. మా నాన్న పొగాకు బ్యారన్ దగ్గర, అంటే మంట పెట్టి ఆకు ఎండబెట్టే కొట్టం దగ్గర, రాత్రుళ్లు కాపలా ఉండి కట్టెలు వేసేవాడు. పచ్చి ఆకు కర్రలకు కట్టి లోపల వేలాడదీశాక మొదట తక్కువ వేడిలో పసుపు రంగు తిరగాలి, తర్వాత కొంచెం కొంచెంగా వేడి పెంచాలి, చివరికి ఈనె ఎండాలి. తొందరపడి మంట పెంచితే ఆకు రంగు చెడిపోతుంది, ఏడాది కష్టం పోతుంది. రోజుల తరబడి ఎవరో ఒకరు మేలుకుని ఉండాలి. ఆ రాత్రుల మీద నేను రాసిన మొదటి పెద్ద కథలో సగం ఈ పనే. ఒక వారపత్రిక ఎడిటరు ఆ సగాన్నీ కొట్టేసి, నాన్న దగ్గుతూ చనిపోయే భాగం ఒక్కటే ఉంచి అచ్చేశాడు. ‘పాఠకులకు పొగాకు పాఠాలు వద్దండీ, కన్నీళ్లు చాలు’ అని కార్డు రాశాడు. ఆ కార్డు చాలాకాలం నా దగ్గర ఉంచుకున్నాను. కథ అచ్చయ్యాక మా ఊళ్లో బ్యారన్ పని తెలిసినవాళ్లు చదివి ఏమీ అనలేదు. వాళ్లకు అందులో చదవడానికి ఏమీ లేదు. అప్పటినుంచి ఏ ఎడిటరు పని భాగం కొట్టేస్తానన్నా కథ వెనక్కి తీసుకున్నాను. దానివల్ల నా పుస్తకాలు ఆలస్యంగా వచ్చాయి, నేను బాధపడలేదు.

ఇప్పటి ఫ్యాషను వేరు. పోటీ కథల్లో విదేశం అంటే ఎయిర్‌పోర్టు, ఆవకాయ సీసా, వీడియో కాల్‌లో అమ్మ కళ్లు. జడ్జీలు కూడా దానికే మార్కులు వేస్తారు. నర్సు వస్తే చాలు, దేవత అంటారు, తెల్ల దుస్తుల్లో కరుణ అంటారు. దేవత అనగానే ఆమె జీతం అడగదు, నడుం నొప్పి అనదు, డ్యూటీ చార్టు మీద పోట్లాడదు. ఆ మాటను నీ కథలోకి రానివ్వకు. 1960ల నుంచీ కేరళ అమ్మాయిలు చర్చి సంస్థల ద్వారా జర్మనీ ఆసుపత్రులకు వెళ్లారు. 1970ల చివర్లో చాలామందికి అక్కడ ఉండటానికి అనుమతి పొడిగించలేదు. దేవతలని పొగిడిన నోళ్లే ఇక ఇంటికి వెళ్లండి అన్నాయి. ఆ పాత తరంలో అక్కడే స్థిరపడినవాళ్లు మీ ఊళ్లో ఎవరైనా ఉంటే వెళ్లి కూర్చుని మాట్లాడు. వాళ్లు చెప్పేది రాసుకో.

రోజువారీ జీవితం రాయొద్దని నేను అనడం లేదు. దాన్నీ పనిలాగే రాయి. రెండు షిఫ్టుల మధ్య 11 గంటల విరామం ఉండాలని చట్టం, ఆసుపత్రుల్లో 10కి తగ్గించొచ్చని అందులోనే మినహాయింపు. మధ్యాహ్నం షిఫ్టు రాత్రి దాకా చేసి, పొద్దున్నే మళ్లీ పోవాల్సి వస్తే ఆ పది గంటల్లో ఏం చేస్తావు? ట్రామ్‌లో ఎంతసేపు పోతుంది? వంట ఎప్పుడు? ఆదివారం కొట్లు మూసేస్తారు కనక శనివారం డ్యూటీ దిగి పరుగెత్తి ఏం కొంటావు? నలుగురు పంచుకునే వంటింట్లో పోపు వేస్తే పక్క గది అమ్మాయి ఏమంటుంది? ఖాళీ సీసాలు మిషన్‌లో వేసి 25 సెంట్లు వెనక్కి తెచ్చుకుంటానని రాశావు. నెలాఖరున ఆ చిల్లరతో ఏం కొన్నావో అది కూడా రాయి. సాయంత్రం ఆరింటికల్లా రొట్టె, చీజు ముక్క, చల్లటి భోజనం పెద్దావిడకు తినిపిస్తూ నీకు ఆకలేసిన పూట ఒకటి ఉండే ఉంటుంది.

పేషెంట్ల గురించి రాయొచ్చా అని భయపడ్డావు. భయపడాలి. అక్కడ రోగి రహస్యం బయటపెట్టడం శిక్షాస్మృతి 203వ సెక్షన్ కింద నేరం, శిక్షణలో ఉన్నవాళ్లకూ అది వర్తిస్తుంది. ఊరు మార్చు, జబ్బు మార్చు, కుటుంబం మార్చు, ఇద్దరు ముగ్గుర్ని కలిపి ఒక మనిషిని చెయ్యి. తెలుగులో రాస్తున్నాను, వాళ్లకేం తెలుస్తుందిలే అనుకోకు. చట్టం సంగతి అలా ఉంచు, నీ చేతిలో ఒళ్లు వదిలేసిన మనిషి అది. కానీ తుడిచిన తీరు మార్చొద్దు. అది ఆవిడ రహస్యం కాదు, నీ విద్య.

చావు సీను గురించి ఒక మాట. మనిషి పోగానే అక్కడ కిటికీ తెరుస్తారని రాసి, వెంటనే ఆత్మ, ఆకాశం అని పేజీ నింపావు. అదంతా కొట్టేశాను. కిటికీ తెరిచాక నువ్వు ఏం చేశావు? కళ్లు మూశావా, పళ్ల సెట్టు పెట్టావా, ఒళ్లు మళ్లీ తుడిచావా, కూతురికి ఫోన్ ఎవరు చేశారు? నీకు అది మొదటి చావు. పక్కన పెద్ద నర్సు ఉందా? ఉంటే ఆమె నీకు ఏ పని అప్పజెప్పింది?

కథ మొదటి నుంచి మళ్లీ రాయి. ఆ రాత్రి డ్యూటీ ఎక్కినప్పటి నుంచి దిగేదాకా, మంచు లేకుండా. ఎంత పొడుగైనా ఫరవాలేదు. ఫోన్‌లో పంపకు, నా కళ్లకు ఆ అక్షరాలు ఆనడం లేదు. కాగితం మీద, పేజీకి ఒకవైపే, పక్కన నేను రాసేందుకు చోటు వదిలి పంపు. డిసెంబరులో సెలవు దొరికి ఇంటికొస్తే మీ నాన్నతో కలిసి ఒకసారి ఇటు రా. ఆ రూమ్మేట్ కూడా వచ్చేట్టయితే వెంటబెట్టుకుని రా, ఆమెను అడగాల్సినవి చాలా ఉన్నాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు