డ్రమ్స్ పక్కన డబుల్ బేస్ స్పష్టంగా వినిపించాలంటే ఏం చేయాలి?

చాలా ఏళ్లు బేస్ గిటార్ వాయించి, ఈ మధ్యే ప్లైవుడ్ డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే, పెద్ద వయొలిన్ వంటి మంద్ర వాద్యం) కొని, తీగలను మోసే దాని బ్రిడ్జికి కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పియెజో పికప్ అమర్చుకొని, హైదరాబాద్ హోటల్ లాంజ్‌లలో పియానో, డ్రమ్స్‌తో కలిసి జాజ్ వాయిస్తున్నానని మీరు రాశారు. పికప్‌ను నేరుగా మిక్సర్‌కు కలిపితే నాదం పలచగా, టకటకమంటూ వస్తోందనీ, వాల్యూమ్ పెంచగానే ఒకే స్వరం దగ్గర హోరుమని ఫీడ్‌బ్యాక్ మొదలవుతోందనీ చెప్పి, ఇంకా పెద్ద యాంప్ కొనాలా లేక మైక్ కొనాలా అని అడిగారు. నేను న్యూజెర్సీలో ఉంటూ వారాంతాల్లో రెస్టారెంట్లలోను, పెళ్లి విందులలోను, అప్పుడప్పుడు ఇక్కడి తెలుగు సంఘాల కార్యక్రమాలలోను ఈ వాద్యమే వాయిస్తాను. ప్రస్తుతానికి ఆ రెండూ కొనవద్దని నా సలహా. వేదిక మీద డబుల్ బేస్‌కు సాధారణంగా కొరవడేది మంద్ర ధ్వని కాదు, స్పష్టత. పెద్ద యాంప్ మంద్రాన్ని ఇంకా పెంచుతుంది, దానితో పాటు మీ కష్టాన్నీ పెంచుతుంది.

ముందుగా పలచటి నాదం సంగతి చూద్దాం. పియెజో పికప్ విద్యుత్తు దృష్ట్యా ఒక చిన్న కెపాసిటర్ వంటిది. దాన్ని ఏ ఇన్‌పుట్‌కు కలుపుతామో, ఆ ఇన్‌పుట్ ఇంపిడెన్స్‌తో (అది చూపే విద్యుత్ నిరోధంతో) కలిసి అది మంద్ర స్వరాలను కోసివేసే ఫిల్టర్‌గా మారుతుంది. మీ పికప్ కెపాసిటెన్స్ 1 నానోఫారడ్ అనుకుందాం. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ 20 వేల ఓమ్‌లు ఉంటే, దాదాపు 8,000 హెర్ట్జ్‌కు దిగువన ఉన్నదంతా క్రమంగా తగ్గిపోతూ వస్తుంది. అంటే మీరు వింటున్నది స్వరం కాదు, తీగ ఫింగర్‌బోర్డ్‌కు, అంటే వేళ్లతో తీగను నొక్కే పొడవాటి పలకకు, తగిలే చప్పుడు మాత్రమే. గిటార్ కోసం ఇచ్చే 1 మెగాఓమ్ ఇన్‌పుట్‌కు కలిపితే ఆ హద్దు సుమారు 160 హెర్ట్జ్‌కు దిగుతుంది. ఇది చాలా మేలే, కానీ డబుల్ బేస్ నాలుగు ఖాళీ తీగలూ, అంటే 41 హెర్ట్జ్ ఈ (E), 55 హెర్ట్జ్ ఏ (A), 73 హెర్ట్జ్ డీ (D), 98 హెర్ట్జ్ జీ (G), అప్పటికీ ఆ హద్దుకు కిందనే ఉంటాయి. 10 మెగాఓమ్‌ల ఇన్‌పుట్ ఉన్న ప్రీయాంప్‌కు (యాంప్‌కు ముందు సంకేతాన్ని సర్దే చిన్న పరికరానికి) కలిపితే హద్దు 16 హెర్ట్జ్‌కు చేరి, వాద్యం మొత్తం వినబడుతుంది. కనుక మీ సమస్యలో మొదటి సగానికి కావలసింది కొత్త పికప్ కూడా కాదు, డబుల్ బేస్‌ను దృష్టిలో పెట్టుకొని తయారుచేసిన ఒక ప్రీయాంప్ మాత్రమే.

ఆ ప్రీయాంప్‌ను ఎంచుకునేటప్పుడు అందులో మూడు సదుపాయాలు ఉన్నాయో లేదో చూడండి: ఒక హద్దుకు దిగువనున్న మంద్రాన్ని కోసే, తిప్పి సర్దుకోగలిగే హై పాస్ ఫిల్టర్, ఫేజ్ తిప్పే (ధ్వని తరంగాన్ని తలకిందులు చేసే) స్విచ్, ఒక్క స్వరాన్ని మాత్రమే సన్నగా కోయగలిగే నాచ్ ఫిల్టర్. వీటిలో ఒక్కటే దొరుకుతుందంటే హై పాస్ ఫిల్టర్‌ను తీసుకోండి. బేస్ వాయించేవాడు మంద్ర ధ్వనిని కోసుకోవడమేమిటని మొదట్లో ఎవరికైనా అనిపిస్తుంది. కానీ పియెజో పికప్ మీ స్వరాలతో పాటు వేదిక అదురును, చెక్క మీద పడే చేతి దెబ్బను, 30, 35 హెర్ట్జ్ దగ్గరి అర్థం లేని కదలికలను కూడా స్పీకర్‌కు పంపుతుంది. స్పీకర్ ఆ కదలికలతోనే అలసిపోతుంది, గది నిండా గుబగుబ మిగులుతుంది. ఫిల్టర్‌ను 60 హెర్ట్జ్ వరకు తెచ్చినా ఖాళీ ఈ (E) తీగ ఈ (E) స్వరంగానే వినిపిస్తుంది, ఎందుకంటే 82, 123 హెర్ట్జ్‌ల దగ్గర ఉన్న దాని అనుస్వరాలను (మూలస్వరంతో పాటు పుట్టే పై స్వరాలను) విని మన చెవి మూలస్వరాన్ని తానే పూరించుకుంటుంది. నేను సాధారణంగా 45 దగ్గర మొదలుపెట్టి, గది మోగే తీరును బట్టి పైకి జరుపుతాను.

ఇక ఫీడ్‌బ్యాక్. డబుల్ బేస్ ముందు పలక చాలా పెద్దది, పలచనిది. యాంప్ నుంచి వచ్చిన ధ్వని ఆ పలకను కదిలిస్తుంది, ఆ కదలికను పికప్ పట్టుకొని మళ్లీ యాంప్‌కే పంపుతుంది. ప్రతి వాద్యానికి సహజమైన అనునాదం ఉన్న చోట ఈ చక్రం ముందుగా తిరగడం మొదలవుతుంది. నా వాద్యంలో అది ఖాళీ జీ తీగకు కాస్త పైన, 100 హెర్ట్జ్ దాటిన చోట ఉంది. మీ వాద్యంలో అది ఎక్కడ ఉందో ఇంట్లోనే కనుక్కోవచ్చు: యాంప్‌కు ఎదురుగా నిలబడి, తీగలను అరచేత్తో నొక్కిపట్టి, వాల్యూమ్‌ను నెమ్మదిగా పెంచుతూ, కూత మొదలైన చోటును ఫోన్ ట్యూనర్‌తో చూసుకోండి. నాచ్ ఫిల్టర్‌ను ఆ ఒక్క చోట పెట్టండి. తరువాత ఫేజ్ స్విచ్‌ను అటూ ఇటూ మార్చి చూడండి. యాంప్‌కు, వాద్యానికి మధ్య దూరాన్ని బట్టి ఒక స్థితిలో కూత త్వరగా వస్తుంది, మరో స్థితిలో ఆలస్యంగా వస్తుంది; ఏది మేలన్నది ప్రతి వేదిక మీద కొత్తగా పరీక్షించుకోవలసిందే. ఇవన్నీ చేసినా చాలకపోతే, ఎఫ్ ఆకారపు రంధ్రాలలో మెత్తటి ఫోమ్ ముక్కలను దూర్చుకోవచ్చు. నాదం కొంచెం ముడుచుకుంటుంది కానీ గట్టిగా మోగే బ్యాండ్‌లో ఆ తేడాను శ్రోతలు పట్టించుకోరు.

యాంప్‌ను ఎక్కడ పెడుతున్నామన్నది అది ఎంత శక్తిగలదన్న దానికన్నా ముఖ్యం. చాలామంది దాన్ని తమ వెనుక నేల మీద పెడతారు. అప్పుడు ధ్వని మీ మోకాళ్లకు, వాద్యం వీపుకు తగులుతుంది తప్ప మీ చెవికి చేరదు. వినబడకపోయేసరికి మీరు వాల్యూమ్ పెంచుతారు, అప్పటికే వాద్యం వణుకుతూ ఉంటుంది. చిన్న యాంప్‌ను ఒక కుర్చీ మీద, మీకు పక్కగా, చెవి వైపు కాస్త వంచి పెట్టుకోండి. దాని కింద మందపాటి ఫోమ్ పలక ఉంటే చెక్క వేదిక దానితో కలిసి మోగదు. వెనుక గోడకు ఎంత దూరంలో ఉందన్నది కూడా గమనించండి: 100 హెర్ట్జ్ తరంగదైర్ఘ్యం సుమారు 3.4 మీటర్లు కనుక, స్పీకర్ గోడకు దాదాపు 85 సెంటీమీటర్ల దూరంలో ఉంటే గోడకు తగిలి తిరిగివచ్చిన తరంగం అసలు తరంగానికి ఎదురుపడి, సరిగ్గా జీ తీగ పరిసరాల స్వరాలను బలహీనపరుస్తుంది. ఒక్క స్వరం మాత్రం మాయమవుతోందని అనిపిస్తే పికప్‌ను అనుమానించే ముందు యాంప్‌ను ఒక అడుగు జరిపి చూడండి.

ఇదంతా ఒక ఉగాది కార్యక్రమంలో నాకు బాగా పనికొచ్చింది. పాఠశాల ఆడిటోరియంలో లోపల డొల్లగా ఉన్న చెక్క వేదిక, దాని అంచునే నేల మీద రెండు సబ్‌వూఫర్లు (మంద్ర ధ్వని కోసమే ఉండే స్పీకర్లు). లలిత గీతాలు పాడే గాయని, తబలా, కీబోర్డు, వాటి వెనుక నేను. సౌండ్ చెక్‌లో ఖాళీ ఏ (A) తీగను మీటగానే వేదిక మొత్తం అదరసాగింది, నేను తీగను ఆపిన తరువాత కూడా కిందినుంచి ఊమ్మని మోగుతూనే ఉంది. ఆ మోతలో తనకు శ్రుతి అందడం లేదని గాయని అన్నారు. ఎండ్‌పిన్ (వాద్యాన్ని నేల మీద నిలిపే కింది కడ్డీ) కింద మందపాటి తివాచీ ముక్కను రెండు మడతలు వేసి పెట్టి, నా ఛానల్‌ను మిక్సర్‌లో 80 హెర్ట్జ్ దిగువన కోసి, సబ్‌వూఫర్లకు అసలు పంపవద్దని సౌండ్ చూసేవారిని కోరాను. ఆయన కాస్త సందేహిస్తూనే చేశారు. మోత ఆగింది, స్వరాలు విడివిడిగా వినిపించాయి. ఎండ్‌పిన్ ద్వారా వేదిక కూడా వాద్యం పలకలాగే మోగుతుందన్న సంగతిని బేస్ గిటార్ నుంచి వచ్చినవారు ఊహించరు, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను. తివాచీ ముక్క ఎప్పుడూ నా సంచిలో ఉంటుంది.

మైక్ గురించి అడిగారు. వాద్యం అసలు నాదాన్ని, దాని గాలిని, చెక్క గుణాన్ని మైక్ మాత్రమే చెప్పగలదు. తీగలకు తగిలించుకునే డీపీఏ 4099 వంటి చిన్న మైకులు అందుకే అంత ప్రాచుర్యం పొందాయి. కానీ లాంజ్‌లో డ్రమ్స్ మీకు రెండు మీటర్ల దూరంలోనే ఉంటాయి, ఆ మైక్ సింబల్స్ చప్పుడును కూడా అంతే శ్రద్ధగా పట్టుకుంటుంది. నాకు నచ్చిన పద్ధతి రెండింటినీ కలపడం: పికప్ మంద్రాన్ని, మధ్య స్వరాలను మోస్తుంది, మైక్‌ను 150, 200 హెర్ట్జ్ దిగువన కోసి, పైభాగాన్ని మాత్రం ప్రేక్షకుల స్పీకర్లకు కొద్దిగా కలుపుతాను, నా యాంప్‌కు మాత్రం పంపను. రెండూ ఒకే ఫేజ్‌లో ఉన్నాయో లేదో చూసుకోకపోతే నాదం బలపడే బదులు డొల్లబారుతుంది. ప్రశాంతంగా వినే సభ దొరికినప్పుడు మైక్ ఒక్కటే చాలు. హోటల్ లాంజ్ కోసమైతే అది మీ చివరి కొనుగోలు.

పికప్ రాకముందు ఈ వాద్యాన్ని ఎలా వినిపించారన్నది తెలిస్తే మీ చేతికి కూడా మేలు జరుగుతుంది. 1939లో డ్యూక్ ఎలింగ్టన్ జాజ్ బృందంలో చేరిన డబుల్ బేస్ వాదకుడు జిమ్మీ బ్లాంటన్ కాలంలో ఎత్తుగా కట్టిన గట్ (జంతువుల పేగులతో చేసిన) తీగలే ఉండేవి, అంతటి బృందం మధ్య ధ్వనిని చేతితోనే పుట్టించవలసి వచ్చేది. 1940లలో ఎవరెట్ హల్ ఎండ్‌పిన్ ద్వారా వాద్యం లోపలికి మైక్ అమర్చి, ఆ ఆలోచన మీదే యాంప్‌లు తయారుచేసే ఆంపెగ్ సంస్థను నిలబెట్టారు. ఆ తరువాత ఉక్కు తీగలు, పియెజో పికప్‌లు వచ్చాక, 1970లలో చాలామంది తీగలను బాగా కిందికి దించి, వేగంగా, పొడుగ్గా మోగే నాదంతో వాయించారు. తీగ మరీ కిందికి దిగితే చేతి బలం నాదంగా మారదు, ఫింగర్‌బోర్డ్‌కు తగిలి చప్పుడవుతుంది. పియెజో దాన్నే మొదట పట్టుకుంటుంది. ఫింగర్‌బోర్డ్ చివర జీ తీగ 5, 6 మిల్లీమీటర్లు, ఈ (E) తీగ 8, 9 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండేలా వాద్యం సరిచేసేవారి చేత సర్దించుకోండి. బ్రిడ్జి కాళ్లలో మరలు పెట్టిస్తే ఆ ఎత్తును మీరే మార్చుకోవచ్చు.

బేస్ గిటార్ అలవాటు ఎక్కువగా అడ్డుపడేది కుడిచేతిలోనే. మీరు వేలికొనతో మీటుతూ ఉండవచ్చు. డబుల్ బేస్‌లో చూపుడు వేలిని దాదాపు తీగ పొడవునా ఆనించి, దాని పక్క కండతో, మోచేతి నుంచి వచ్చే బరువుతో తీగను పక్కకు లాగి వదలాలి. బొటనవేలు ఫింగర్‌బోర్డ్ అంచున ఆనుకొని ఉండాలి. ఫింగర్‌బోర్డ్ చివర మీటితే స్వరం మొదలు స్పష్టంగా ఉంటుంది, మెడ వైపు జరిగితే మెత్తబడి డ్రమ్స్‌లో కలిసిపోతుంది. యాంప్ మీద ఏ బటనూ తిప్పకుండా, చేతిని నాలుగు అంగుళాలు జరపడంతోనే మీ స్వరం ముందుకు రావడం మీరే గమనిస్తారు. ఎడమచేతికి సిమాండిల్ పద్ధతిలో (డబుల్ బేస్ నేర్పే సంప్రదాయ పద్ధతిలో) ఒకటి, రెండు, నాలుగు వేళ్ల అమరికను పాటించండి. 104, 105 సెంటీమీటర్ల తీగ మీద బేస్ గిటార్ వేళ్ల అమరిక కింది స్థానాలలో మణికట్టును దెబ్బతీస్తుంది. వేదిక మీద మీ స్వరం మీకు వినబడనప్పుడు ఇంకా గట్టిగా లాగవద్దు. బొబ్బలు, కండరాల నొప్పులు అక్కడినుంచే మొదలవుతాయి. ఆగి యాంప్‌ను చెవి వైపు తిప్పండి, లేదా పాట మధ్యలోనే డ్రమ్మర్‌ను బ్రష్‌లకు మారమని అడగండి. మంచి డ్రమ్మర్ దీన్ని తప్పుగా తీసుకోరు.

వాతావరణం గురించి ఒక్క మాట. ఇక్కడ చలికాలంలో హీటర్ల పొడి గాలికి చెక్కిన పలకల వాద్యాలు పగులుతాయి కనుక గదిలో తేమను 40 నుంచి 50 శాతం మధ్య నిలుపుతాము. మీ ప్లైవుడ్ వాద్యానికి ఆ భయం తక్కువ, ఫీడ్‌బ్యాక్ కూడా చెక్కిన వాద్యం కన్నా తక్కువే. అయినా హైదరాబాద్ మే నెల ఎండ నుంచి ఏసీ హాలులోకి వెళ్లేసరికి శ్రుతి మారిపోతుంది, వర్షాకాలంలో పలక ఉబ్బి తీగలు పైకి లేస్తాయి. అరగంట ముందుగా వెళ్లి వాద్యాన్ని హాలులోనే ఉంచి, తరువాత శ్రుతి చేసుకోండి. ఎండలో ఆగి ఉన్న కారులో మాత్రం ఎప్పుడూ వదలవద్దు. అతుకుల జిగురు మెత్తబడుతుంది.

డబ్బు ఖర్చు చేసే వరుసను అడిగితే, ముందు ప్రీయాంప్, తరువాత తీగల ఎత్తు సర్దించడం, ఆపైన మంచి తీగలు, అన్నిటికన్నా చివర మైక్. ఇప్పుడున్న యాంప్‌ను ఈ మార్పులతో ఒక నెల వాయించి చూశాక మార్చాలో లేదో నిర్ణయించుకోండి. మీ పికప్ బ్రిడ్జి రెక్కల సందులో ఉందా, కాలి కింద ఉందా, మరలలో ఉందా అన్నది, కూత ఏ స్వరం దగ్గర మొదలవుతోందన్నది రాస్తే, హై పాస్ ఫిల్టర్‌ను, నాచ్ ఫిల్టర్‌ను ఎక్కడ మొదలుపెట్టాలో ఇంకా కచ్చితంగా చెప్పగలను.