కొత్త పికప్ లోడు లాగట్లేదు, ఇంజన్ లైటు ఆరట్లేదు

ప్రశ్న: సార్, మాది మదనపల్లె దగ్గర పల్లె. ఎనిమిది నెలల కింద బీఎస్6 డీజిల్ పికప్ కొన్నా, ఇంకా 14,000 కిలోమీటర్లు కూడా తిరగలేదు. రోజూ టమాటా బాక్సులేసుకుని 11 కిలోమీటర్లు మార్కెట్‌కి పోవడం, క్యూలో గంట గంటన్నర ఇంజన్ ఆన్‌లోనే పెట్టి నిలబడటం, ఖాళీగా తిరిగి రావడం, అంతే. పది రోజుల నుంచి మిట్ట ఎక్కట్లేదు, 40 దాటట్లేదు, ఇంజన్ లైటు వెలుగుతోంది, పొగ మాత్రం అస్సలు లేదు. షోరూంలో లైటు తీసేసి పంపారు, రెండ్రోజుల్లో మళ్లీ వచ్చింది. బయట మెకానిక్ సైలెన్సర్ లైన్లో ఫిల్టర్ పీకేస్తే సరిపోతదంటున్నాడు. ఈఎంఐలు కడుతున్న బండి, భయంగా ఉంది.

జవాబు: పీకించొద్దండీ, దయచేసి ఆ పని మాత్రం చేయొద్దు, ఇంజన్ వారంటీకే ఎసరొస్తుంది. మీరు రాసిన దాంట్లోనే సగం జవాబుంది. ఆ ఫిల్టర్‌ని డీపీఎఫ్ అంటారు, మసిని పట్టి ఉంచి అప్పుడప్పుడూ 600 డిగ్రీల దాకా వేడెక్కి దాన్ని కాల్చేసుకుంటుంది, అలా కాలాలంటే బండి ఆగకుండా ఒక ఇరవై ముప్పై నిమిషాలు మంచి స్పీడులో పోవాలి. మీ 11 కిలోమీటర్లలో అది మొదలయ్యేలోపే మార్కెట్ వచ్చేస్తుంది, పైగా క్యూలో ఐడిలింగ్‌లో ఇంకా మసి చేరుతుంది. అది మితిమీరితే కంప్యూటరే పవర్ తగ్గించేస్తుంది.

పొగ లేదు కాబట్టి ఇంజన్ బాగుందనుకోకండి, పొగని ఫిల్టరే మింగుతోంది. ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బో నుంచి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి పోయే గొట్టం క్లిప్ వదులైనా ఇదే తంతు, గాలి లీకై మసి ఎక్కువై ఫిల్టర్ తొందరగా నిండుతుంది. అందుకే షోరూంలో లైటు తీసేయడం కాదు, స్కానర్‌లో ఏ కోడ్ వచ్చిందో కాగితం మీద రాసిమ్మనండి. పి2463 అయితే మసి, పి0299 అయితే టర్బో గాలి తక్కువ, పి0087 అయితే డీజిల్ ప్రెషర్, అప్పుడు ముందు డీజిల్ ఫిల్టర్‌లో నీళ్లున్నాయేమో చూడాలి.

అన్నిటికంటే ముందు, ఈరోజే, ఆయిల్ గేజు తీసి చూడండి. మసి కాల్చడానికి ఇంజన్ అదనంగా కొట్టిన డీజిల్, ఆ కాల్చే పని మధ్యలో బండి ఆపేస్తూ ఉంటే, కొంచెం కొంచెం ఆయిల్లోకి దిగుతుంది. లెవెల్ పై గీత దాటి డీజిల్ వాసనొస్తుంటే బండి తీయొద్దు, ఆయిల్ మార్పించాకే తీయాలి, నాకు మీ బండి విషయంలో ఎక్కువ భయం దీని గురించే. కొత్త ఆయిల్ కూడా డీపీఎఫ్ బండికి చెప్పిన రకమే పోయించండి, మామూలు ఆయిల్ బూడిద ఫిల్టర్‌లో కాలదు, అలాగే ఉండిపోతుంది.

మసే అని తేలితే షోరూంలోనే స్కానర్ పెట్టి ఫిల్టర్ కాల్పించాలి. ఆ తర్వాత వారానికోసారి కదిరి రోడ్డు మీద అరగంట, 2,000 ఆర్‌పీఎం పైన నడపండి, క్యూలో ఇంజన్ ఆపేయండి. నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ ఆర్‌పీఎం మామూలు కంటే పెరిగి వేడి వాసనొస్తుంటే అప్పుడు మసి కాలుతోందన్నమాట, అప్పుడు మాత్రం ఇంజన్ ఆపొద్దు, మార్కెట్ యార్డులో వరిగడ్డి మీద మాత్రం అస్సలు నిలపొద్దు. ఇంతా చేశాక వారంలోనే లైటు మళ్లీ వస్తే ఫిల్టర్‌కున్న ప్రెషర్ సెన్సార్‌నీ దాని రెండు సన్న పైపుల్నీ చెక్ చేయమనండి, అక్కడ పగులున్నా ఫిల్టర్ రీడింగ్ తప్పుగా చూపిస్తుంది.