హోమ్స్ వాట్సన్‌ని ‘నాక్ అప్’ చేశానని ఎందుకన్నాడు?

మీ ప్రశ్న ఇది: షెర్లాక్ హోమ్స్ కథ ‘ది స్పెకిల్డ్ బ్యాండ్’లో డిటెక్టివ్ హోమ్స్ పొద్దున్నే తన స్నేహితుడు వాట్సన్ మంచం పక్కన నిలబడి ‘వెరీ సారీ టు నాక్ యు అప్, వాట్సన్’ అంటాడు. ఫోన్‌లో వెతికితే ‘నాక్ అప్’ అంటే గర్భవతిని చేయడం అని వచ్చింది. ఇది అచ్చుతప్పా, లేక ఆ మాటకి అప్పట్లో ఇంకో అర్థం ఉండేదా?

అచ్చుతప్పు కాదండీ. ‘నిద్ర లేపుతున్నాను, ఏమీ అనుకోకు వాట్సన్’ అంటున్నాడు, అంతే. తలుపు తట్టి లేపడం అన్నది ఆ మాటకున్న పాత అర్థం. బ్రిటన్‌లో వయసు మళ్ళినవాళ్ళ నోట ఈమధ్య వరకూ మామూలుగా వినిపించిన మాటే. నాకు ఈ సంగతి పుస్తకంలో కాదు, ఒక ఇంట్లో తెలిసింది. అందుకే రాస్తున్నాను.

2004లో నర్సు ఉద్యోగం మీద ఇంగ్లాండ్‌లోని బోల్టన్ వెళ్ళాను. మాంచెస్టర్ పక్కనే ఉంటుంది, ఒకప్పుడు నూలు మిల్లులతో నిండిపోయిన ఊరు. ఎనభైకి దగ్గర పడిన దంపతుల ఇంట్లో పైగది అద్దెకి తీసుకున్నాను. అప్పటికి నా ఇంగ్లీషంతా అమెరికన్ టీవీ సీరియళ్ళ నుంచీ, న్యూజెర్సీలో ఉన్న మా అక్క ఫోన్ కబుర్ల నుంచీ వచ్చిందే. మొదటి డ్యూటీ ముందు రోజు రాత్రి ఇంటి పెద్దాయన మెట్ల దగ్గర ఆపి, ఎన్నింటికి వెళ్ళాలమ్మా అని అడిగాడు. ఆరింటికల్లా బయల్దేరాలన్నాను. ‘ఐ విల్ నాక్ యు అప్ ఎట్ ఫైవ్, లవ్’ అన్నాడు, ఎంతో మామూలుగా.

నాకు కాళ్ళు చల్లబడ్డాయి. గదిలోకి వెళ్ళి గడియ పెట్టి, కుర్చీ తీసుకెళ్ళి తలుపుకి అడ్డం పెట్టాను. అక్కకి ఫోన్ చేస్తే తను నాకంటే ఎక్కువ టెన్షన్ పడింది. ‘సరిగ్గా విన్నావా? ఆ మాటే అన్నాడా? తెల్లారగానే సామాను సర్దుకుని వచ్చెయ్యి, ఆ ఇంట్లో ఉండొద్దు’ అంది. రాత్రంతా కన్ను మూతపడలేదు.

సరిగ్గా ఐదింటికి తలుపు మీద మూడుసార్లు మెల్లగా చప్పుడైంది. ‘ఫైవ్ ఓ క్లాక్, లవ్’ అన్న మాట, ఆ వెనకే మెట్లు దిగుతున్న చెప్పుల చప్పుడు. కింద వంటింట్లో కెటిల్ పెట్టిన అలికిడి. అప్పుడు అర్థమైంది.

సాయంత్రం వచ్చాక పెద్దావిడని మెల్లగా అడిగాను. నేను భయపడ్డ సంగతి విని ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ‘మా అత్తగారు చేసిన పనే అదమ్మా’ అంటూ పెరటి షెడ్‌లోకి తీసుకెళ్ళింది. అక్కడ గోడకి రెండు మేకుల మీద అడ్డంగా ఒక వెదురు కర్ర. పదడుగులకి పైనే ఉంటుంది. చివర సన్నటి ఇనప తీగలు నాలుగైదు, చీపురు పుల్లల్లా విచ్చుకుని ఉన్నాయి. చేత్తో పట్టుకునే చోట వెదురు నున్నబడి నల్లగా మెరుస్తోంది. ఆవిడ దాన్ని బయటికి తెచ్చి, పైకెత్తి నా గది కిటికీ అద్దం మీద ఆనించి కదిపింది. అద్దం మీద వడగళ్ళు రాలినట్టు గలగలా చప్పుడు. తీగలే ఎందుకంటే అద్దం పగలకూడదు, డబ్బులివ్వని పక్కింటివాళ్ళు ఊరికే లేవకూడదు అని చెప్పింది.

ఆ పని చేసేవాళ్ళని ‘నాకర్ అప్’ అనేవారు. మిల్లుల కాలంలో ఉత్తర ఇంగ్లాండ్ ఊళ్ళన్నిటా ఉండేవారు, లండన్ తూర్పు పేటల్లో కూడా. మిల్లు గేటు తెల్లవారుజామునే మూసేసేవారు. ఆలస్యమైతే జరిమానా, లేదా ఆ పూట కూలి పోయినట్టే. అలారం గడియారం కొనే స్తోమత కార్మికుడికి లేదు. అందుకని వారానికి కొన్ని పెన్నీలిచ్చి లేపించుకునేవారు. ఎన్నింటికి లేపాలో ఇంటి బయట పలక మీద సుద్దముక్కతో రాసిపెట్టేవారు. లండన్ లైమ్‌హౌస్ ప్రాంతంలో మేరీ స్మిత్ అనే ఆవిడ కర్రకి బదులు గొట్టంతో ఎండు బఠానీలు ఊది కిటికీలకి కొట్టేది, వారానికి ఆరు పెన్నీలు తీసుకునేది. 1930ల నాటి ఆవిడ ఫొటో ఇప్పటికీ దొరుకుతుంది. గడియారాలు చవకయ్యాక ఈ పని తగ్గిపోయింది. అయినా కొన్ని మిల్లు ఊళ్ళలో 1970ల మొదటి దాకా నడిచింది. రంజాన్ నెలలో హైదరాబాద్ పాతబస్తీలో సహరీకి లేపుతూ వీధులు తిరిగేవాళ్ళని చూసినవాళ్ళకి ఇది వింతగా అనిపించదు.

రాత్రి గస్తీ తిరిగే పోలీసు కానిస్టేబుళ్ళు కూడా నాలుగు డబ్బుల కోసం ఈ పని చేసేవారు. దానికి ఒక హత్య విచారణలో ఇచ్చిన వాంగ్మూలమే సాక్ష్యం. 1888 ఆగస్టు 31 తెల్లవారుజామున లండన్‌లోని బక్స్ రోలో ఒక స్త్రీ శవం కనబడింది. జాక్ ది రిప్పర్ అని పేరుపడ్డ, ఎప్పటికీ దొరకని హంతకుడి హత్యల్లో మొదటిదిగా చాలామంది లెక్కపెట్టేది దాన్నే. ఆ కబురు అందిన సమయానికి జోనాస్ మైజెన్ అనే కానిస్టేబుల్ దగ్గర్లోనే జనాన్ని ‘నాక్ అప్’ చేస్తున్నాడు. కబురు తెలిశాక కూడా ఆ పనే చేస్తూ ఉన్నావా అని విచారణలో జ్యూరీ సభ్యుడొకరు నిలదీస్తే, లేదు, మొదలుపెట్టిన ఒక్కరినే లేపి వచ్చానని చెప్పాడు. మీరు చదువుతున్న కథ జరిగింది 1883లో అని వాట్సనే చెప్తాడు. కథ అచ్చయింది 1892లో. అంటే అదే లండన్, దాదాపు అవే రోజులు. ఆ ఊళ్ళో ఆ మాట వినగానే ఎవరికైనా తట్టే అర్థం ఇదే.

మాట మాత్రం మిల్లుల కంటే చాలా పాతది. సామ్యూల్ పీప్స్ అని లండన్‌లో ఒక ప్రభుత్వ ఉద్యోగి ఏళ్ళ తరబడి రోజూ డైరీ రాశాడు. 1663 సెప్టెంబరులో ఒక రాత్రి రెండు మూడు గంటల వేళ తన పెరట్లో ‘నాక్డ్ అప్’ జరిగిందని రాసుకున్నాడు. లేచి కిటికీలోంచి చూస్తే వెన్నెల్లో కానిస్టేబులూ కావలివాళ్ళూ. పెరటి తలుపు తీసి ఉండటం చూసి, సంగతేమిటో కనుక్కుందామని లోపలికొచ్చారట. నాకు ఈ వాక్యమంటే చాలా ఇష్టం. మూడున్నర శతాబ్దాల కిందటి మనిషి, మా పెద్దాయన నోట విన్న అదే మాటని అదే అర్థంలో వాడాడు.

తర్వాతి శతాబ్దంలో ఇంకో అర్థం వచ్చి చేరింది: అలిసిపోయి చతికిలబడటం. గుర్రం నాక్డ్ అప్ అయిందంటే ఇక అడుగు వేయలేదని. ఆడవాళ్ళ గురించి కూడా ఇదే అర్థంలో నిస్సంకోచంగా రాసేవారు. కాబట్టి పాత ఇంగ్లీషు నవల్లో ఒక ఆవిడ నడిచీ నడిచీ ‘నాక్డ్ అప్’ అయిందని కనబడితే కంగారు పడకండి, పాపం ఆవిడకి కావలసింది కుర్చీ, మంచినీళ్ళు.

గర్భం అన్న అర్థం 19వ శతాబ్దం మొదట్లో అమెరికాలో మొదలైన మోటు వాడుక. సినిమాలూ టీవీ వల్ల ప్రపంచమంతా పాకింది. మీ ఫోన్ ముందుగా చూపించేది దాన్నే. దీని గురించి నర్సుగా ఒక మాట గట్టిగా చెప్పాలి. అమెరికాలో కూడా ఇది మర్యాదైన మాట కాదు. అనుకోకుండా వచ్చిన గర్భం గురించి, చాలాసార్లు పెళ్ళికాని పిల్ల గురించి, చులకనగా అనే మాట. ‘షి గాట్ నాక్డ్ అప్’ అంటే మగవాడు ఆ వాక్యంలోనే కనబడడు, తప్పంతా ఆ అమ్మాయి మీద పడ్డట్టుంటుంది. ప్రసూతి వార్డులో మన నర్సు పిల్లలు కొందరు ఇదేదో సరదా ఇంగ్లీషు అనుకుని వాడటం విన్నాను. దయచేసి వాడొద్దు. ప్రెగ్నెంట్ అన్న మంచి మాట ఉంది కదా.

ఇన్ని అర్థాలు ఒకే మాటలో ఎలా ఇమిడాయి అనిపిస్తుంది. మన ‘కొట్టు’ని తీసుకోండి. తలుపు కొడతాం, చప్పట్లు కొడతాం, టైరుకి గాలి కొడతాం, పరీక్షలో కాపీ కొడతాం, సిక్స్ కొడతాం, ఈత కొడతాం. సినిమా బోరు కొడుతుంది, మిట్టమధ్యాహ్నం ఎండ కొడుతుంది. తెలుగు నేర్చుకునే మనిషి నిఘంటువులో ‘దెబ్బ వేయడం’ అని చూసి ఊరుకుంటే వీటిలో ఒక్కటీ అర్థం కాదు. మనకి మాత్రం తడుముకోనక్కర్లేదు, ఎందుకంటే కొట్టేది దేన్ని అన్నది ముందే చెవిన పడుతుంది. నాక్ అప్ కూడా అంతే. ఎవర్ని, దేన్ని అన్నది చూడాలి. దాని వెంబడి ఉన్న ‘అప్’ కూడా ఒక్కోచోట ఒక్కో పని చేస్తుంది. నిద్ర లేపే చోట అది మన ‘లేపు’ లాంటిది, పడుకున్న మనిషిని పైకి లేపుతుంది. అలసట అర్థంలో ‘యూజ్ అప్’లో ఉన్న అప్ లాంటిది, ఉన్నదంతా అయిపోయిందని చెప్తుంది.

ఆ ఇంట్లోనే దీనికి ఇంకో రుజువు దొరికింది. నైట్ డ్యూటీ చేసి ఆకలితో వచ్చిన ఒక పొద్దున పెద్దావిడ ‘ఐ విల్ నాక్ యు అప్ ఎ శాండ్‌విచ్’ అంది. ముందు విన్న వాక్యమే, చివర శాండ్‌విచ్ చేరింది. అర్థం మొత్తం మారిపోయింది: చిటికెలో చేసిపెడతానని. ఉన్న చెక్కముక్కలతో అల్మారా నాక్ అప్ చేస్తారు, ఉన్న కూరగాయలతో కూర నాక్ అప్ చేస్తారు. టెన్నిస్‌లో మ్యాచ్ మొదలయ్యే ముందు చేతులు కుదురుకోవడానికి ఇద్దరూ కాసేపు ఆడుకునేది నాక్ అప్పే. క్రికెట్‌లో చకచకా పరుగులు చేస్తే యాభై నాక్ అప్ చేశాడంటారు. మన పేపర్లలో ‘అద్భుతమైన నాక్’ అని ఇన్నింగ్స్‌ని మెచ్చుకునే మాట కూడా ఈ కుదురులోదే.

ఇప్పటి వాడుక అడిగితే, మీరు నిద్ర లేపడానికి ఈ మాట వాడకపోవడమే మంచిది. బ్రిటన్‌లో కూడా కుర్రవాళ్ళు ‘వేక్ అప్’ అనే అంటున్నారు. అమెరికాలో పొరపాటున కూడా అనొద్దు. కానీ బోల్టన్ చుట్టుపక్కల లాంకషైర్‌లో ఏ తాతగారో మీతో అంటే నాలాగా తలుపుకి కుర్చీ అడ్డం పెట్టకండి. ఆ దంపతులు నన్ను మూడేళ్ళు కన్నబిడ్డలా చూసుకున్నారు. ఆయన పోయేదాకా పొద్దున డ్యూటీ ఉన్న ప్రతి రోజూ నన్ను లేపింది ఆ మూడు చప్పుళ్ళే. నా ఫోన్‌లో అలారం ఉన్న సంగతి ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు.

ఇక మీ కథలోకి వద్దాం. మీరు ఆగిపోయిన చోట నుంచి ఇంకో వాక్యం ముందుకెళ్ళండి. ‘మిసెస్ హడ్సన్ హాజ్ బీన్ నాక్డ్ అప్’ అంటాడు హోమ్స్, ఆవిడ నామీద తీర్చుకుంది, నేను నీమీద తీర్చుకుంటున్నాను అని. మీ ఫోన్ చెప్పిన అర్థం పెట్టి చదివితే ఇంటి యజమానురాలి మీద ఎంత ఘోరమైన మాటవుతుందో చూడండి. అసలు జరిగింది ఇది. హెలెన్ స్టోనర్ అనే అమ్మాయి ప్రాణభయంతో ఆరు కొట్టకముందే సర్రేలోని ఇంటి నుంచి బయల్దేరి, మొదటి రైలు పట్టుకుని లండన్ వచ్చి బేకర్ స్ట్రీట్‌లో తలుపు తట్టింది. ఆ చప్పుడుకి మిసెస్ హడ్సన్ లేచింది, ఆవిడ వెళ్ళి హోమ్స్‌ని లేపింది, హోమ్స్ వచ్చి వాట్సన్‌ని లేపాడు. అప్పటికి గడియారంలో ఏడుంపావు. ఏమైంది, ఇల్లు తగలబడుతోందా అని వాట్సన్ అడుగుతాడు. కాదు, క్లయింట్ వచ్చింది అంటాడు హోమ్స్.