డబ్ల్యూడబ్ల్యూఈ కుస్తీ ఉత్త ఫేక్ అయితే జనం ఎందుకు చూస్తారు?

గెలుపోటములు ముందే అనుకున్నవే, అది నిజం. 1989లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్ర సెనేట్ ముందు ఈ కుస్తీలు నడిపే కంపెనీయే ఇది వినోదమని ఒప్పుకుంది. కానీ దెబ్బలు అబద్ధం కాదు. అరచేత్తో ఛాతీ మీద చరిస్తే చర్మం కందిపోయి వేళ్ల అచ్చులు తేలతాయి. 1998లో మిక్ ఫోలీ అనే కుస్తీవీరుడు బరి చుట్టూ కట్టిన ఇనుప బోను పైనుంచి కామెంటేటర్ల బల్ల మీద పడ్డాడు, బల్ల ముక్కలైంది.

మా వరంగల్ వైపు చిందు యక్షగానం చూసేవాళ్లకు కథంతా ముందే తెలుసు. అయినా కదలకుండా కూర్చుంటారు. వేషం కట్టినాయన ఎట్లా పలికాడు, ఎట్లా గంతేశాడన్నదే వాళ్లకు ముఖ్యం. కుస్తీ అభిమానులు కొట్లాడుకునేదీ దాని గురించే: ఎవరికి గెలుపు ఇవ్వాల్సింది, ఎవరి కథ పాడుచేశారు అని. అందుకే ‘ఫేక్’ అని కొట్టిపారేయడం అన్యాయమంటాను. ఆటగాళ్ల ఒంటికి ఏమవుతోందని అడిగే విమర్శకుల మాట మాత్రం వినాల్సిందే; తల మీద కుర్చీతో కొట్టడాన్ని 2010లో గానీ నిషేధించలేదు.