అణు ఇంధన కర్మాగారాలకు భూకంప పరీక్షా? సివిల్ చదివే అమ్మాయికి దారేది?

ప్రశ్న: నమస్కారమండి. మాది రావులపాలెం దగ్గర పల్లెటూరు. అరటి, కొబ్బరి వ్యవసాయం. మా అమ్మాయి కాకినాడలో బీటెక్ సివిల్ మూడో సంవత్సరం చదువుతోంది. అణు ఇంధనం తయారుచేసే కర్మాగారాలు భూకంపానికి తట్టుకుంటాయో లేదో తేల్చే పనిలోకి వెళ్తానంటోంది. అలాంటి కర్మాగారం ఉన్న హైదరాబాద్‌లో భూకంపాలే రావు కదండీ, ఈ ఉద్యోగం ఎవరిస్తారు? రేడియేషన్ అనేసరికి ఇంట్లో అందరికీ టెన్షన్. మా బావమరిదేమో సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్పించెయ్యమంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: నాకు రాసే సివిల్ విద్యార్థుల్లో ఎక్కువమంది అడిగేది ఏ ఉద్యోగం తొందరగా వస్తుందనే. ఫలానా పని చేస్తానని చెప్పేవాళ్లు అరుదు. కాబట్టి మీ అమ్మాయి మాటను కొట్టిపారెయ్యకండి.

భూకంపాల సంగతి ముందు చూద్దాం. భూకంపాలకు తట్టుకునేలా కట్టడాలు కట్టడానికి మన దేశంలో ఉన్న ప్రమాణం ఐఎస్ 1893 కోడ్. దాని 2016 పటంలో హైదరాబాద్ జోన్ 2లో ఉంది. అన్నిటికన్నా తక్కువ ప్రమాదమున్న జోన్ అదే, నిజమే. కానీ 1993లో లాతూరు దగ్గర కిల్లారిని నేలమట్టం చేసిన భూకంపం కూడా అప్పటి పటంలో అట్టడుగు జోన్‌లోనే వచ్చింది. మన వైపు చూస్తే, భద్రాచలం దగ్గర 1969 ఏప్రిల్‌లో 5.7 తీవ్రతతో భూమి కంపించింది. 2024 డిసెంబరు 4 పొద్దున్న ములుగులో 5.3. పైగా ఆ పటం మనం కట్టుకునే మామూలు భవనాల కోసం. అణు కర్మాగారానికి అది చాలదు. చుట్టుపక్కల భ్రంశాలు (భూమి లోపలి రాతి పొరల్లో పగుళ్లు), పాత భూకంపాల చరిత్ర, కింద ఉన్న రాయి చూసి, ఆ స్థలంలో నేల ఎంత గట్టిగా ఊగగలదో ప్రత్యేకంగా తేల్చాలి. ఈ భద్రత చూసుకునేది 1983లో ఏర్పడిన అటామిక్ ఎనర్జీ రెగ్యులేటరీ బోర్డు.

ఇక అసలు పని. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ 1971లో మొదలైంది. జాదుగూడ, తుమ్మలపల్లె వైపు నుంచి వచ్చే యురేనియం ముడిసరుకును నైట్రిక్ యాసిడ్‌లో కరిగించి, శుద్ధిచేసి, అమ్మోనియా కలిపి, చివరకు పొడిగా మారుస్తారు. ఆ పొడిని బిళ్లలుగా నొక్కి, హైడ్రోజన్ వాయువు నింపిన కొలిమిలో సుమారు 1,700 డిగ్రీల దగ్గర కాలుస్తారు. రియాక్టర్‌లోనైతే ఆపేశాక కూడా ఇంధనం వేడి పుట్టిస్తూనే ఉంటుంది, దాన్ని చల్లబరచడమే పెద్ద సమస్య. తాజా ఇంధనం తయారుచేసే చోట ఆ బాధ లేదు. అమ్మోనియా గొట్టం తెగడం, హైడ్రోజన్ లీకవడం, యురేనియం పొడి గాలిలో కలవడం, ఇవీ ఇక్కడి భయాలు. తేలిగ్గా విడిపోయే యురేనియం-235 పాలు పెంచిన (ఎన్‌రిచ్డ్) యురేనియం వాడే చోట ఇంకొకటుంది. ట్యాంకుల కొలతలూ, వాటి మధ్య దూరమూ లెక్కగట్టి పెడతారు. ఊపుకి అవి జరిగి దగ్గరపడితే గొలుసు చర్య, అంటే అణువులు ఒకదాని వెంట ఒకటి విడిపోవడం, మొదలయ్యే ప్రమాదం ఉంటుంది. అంటే గోడలు నిలబడితే సరిపోదు, లోపలివి ఎక్కడివక్కడే ఉండాలి.

అందుకే పాత కర్మాగారాన్ని పరీక్షించేటప్పుడు కంప్యూటర్ లెక్కలతో పాటు కాలినడకన ప్రతి గదీ తిరుగుతారు. దీన్ని వాక్‌డౌన్ అంటారు. ఎలక్ట్రికల్ ప్యానెల్ కాళ్లకు నాలుగు బోల్టు రంధ్రాలుంటే నాలుగింటికీ బోల్టులున్నాయా? నట్టు బిగించారా, పైన పెయింట్ మాత్రం వేసి వదిలేశారా? గ్లవ్ బాక్స్ (తొడుగుల్లో చేతులు పెట్టి లోపలి పదార్థంతో పనిచేసే మూసిన పెట్టె) పక్కన స్టీలు లేని ఇటుక గోడ ఉందా? రెండు భవనాల మధ్య వెళ్లే పైపుకు అటూ ఇటూ కదలడానికి వీలుందా? ఇలాంటివి చూస్తారు. పై అంతస్తు యంత్రాలకు వేరే లెక్క. కొబ్బరిచెట్టు మొదలు దగ్గర కదలిక కనపడకపోయినా మొవ్వు ఊగినట్టు, నేల కొద్దిగా కదిలితే పైన ఎక్కువ కదులుతుంది. ఈ పనికి ఓపిక కావాలి, చేతికి దుమ్మంటినా పర్లేదనుకోవాలి.

ఉద్యోగాల విషయం దాచకుండా చెప్తాను. ఇంధన కర్మాగారాల మీదే ఆధారపడితే అవకాశాలు తక్కువ. అందుకని స్ట్రక్చరల్, భూకంప ఇంజనీరింగ్‌ను గట్టిగా చదివి, అణు రంగాన్ని అందులో ఒక దారిగా పెట్టుకోవాలి. గేట్ స్కోరుతో ఐఐటీ రూర్కీలో ఎర్త్‌క్వేక్ ఇంజనీరింగ్ ఎంటెక్ ఉంది. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో దీనికో పరిశోధన కేంద్రమే ఉంది. భాభా అణు పరిశోధన కేంద్రం ట్రైనింగ్ స్కూల్‌లో చేరితే స్టైపెండ్ ఇస్తూ శిక్షణ ఇస్తారు. బీటెక్‌లో 60 శాతం ఉండాలి. ఆ ఏడాది సివిల్ తీసుకుంటున్నారో లేదో నోటిఫికేషన్‌లో చూసుకోండి. ఇదే నైపుణ్యం రిఫైనరీలకీ, ఆనకట్టలకీ, ఆసుపత్రులకీ కావాలి. అంతెందుకు, కాకినాడలో ఎరువుల ఫ్యాక్టరీల అమ్మోనియా ట్యాంకులకీ కావాలి.

రేడియేషన్ గురించి: మన దేశంలో ఈ రంగంలో పనిచేసేవారికి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లకు (ఒంటికి తగిలే రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం) మించి తగలకూడదని నియమం. ప్రతి ఒక్కరికీ లెక్క రాస్తారు. సహజ యురేనియం దగ్గర ముఖ్య జాగ్రత్త దాని పొడిని పీల్చకుండా చూసుకోవడం. స్ట్రక్చరల్ ఇంజనీరుకు ఎక్కువ సమయం కంప్యూటర్ ముందే గడుస్తుంది. పెళ్లి సంబంధాల దగ్గర ఎవరైనా అడిగినా ఇదే చెప్పండి.

మీ బావమరిది గారి సలహాలో సగం పనికొస్తుంది. పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకోమనండి, ఈ లెక్కలకు చాలా అవసరం. అమీర్‌పేటలో నెల రోజుల స్టాడ్ (కట్టడాల లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్) సర్టిఫికెట్ కోసం మాత్రం వేలు పొయ్యకండి. థియరీ రాకుండా బటన్లు నొక్కడం వస్తే ఎవరికీ ఉపయోగం లేదు.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు దూరం వెళ్లక్కర్లేదు. మీ కోనసీమ నేలే చాలు. నాలుగు అడుగులు తవ్వితే నీళ్లొచ్చే చోట, వదులు ఇసుక పొరలు గట్టిగా ఊగితే బురదనీళ్లలా జారిపోవచ్చు. దాన్ని లిక్విఫాక్షన్ అంటారు. వంతెనల పునాదుల కోసం తీసిన బోర్‌హోల్ వివరాలు కాలేజీ ద్వారా అడిగి తెచ్చుకుని, ఐఎస్ 1893లో అనుబంధంగా ఇచ్చిన పద్ధతితో లెక్కగడితే మంచి ప్రాజెక్టవుతుంది. ఇంటర్వ్యూలో అడిగినప్పుడు సొంతంగా చెప్పుకోవడానికి సరుకూ ఉంటుంది.

ఏడో సెమిస్టర్ ఎలక్టివ్‌ల జాబితాలో స్ట్రక్చరల్ డైనమిక్స్ (ఊపుకి కట్టడాలు ఎలా కదులుతాయో చెప్పే సబ్జెక్టు) ఉంటే అదే పెట్టుకోమనండి. మార్కులు రావని సీనియర్లు భయపెడతారు, పట్టించుకోవద్దు. కాలేజీలో చెప్పేవాళ్లు లేకపోతే ఐఐటీల వాళ్లు నడిపే ఆన్‌లైన్ వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో పాఠాలు ఉచితంగా దొరుకుతాయి.