లెగో గేటు ఎత్తేటప్పుడు గేర్ పళ్ళు జారుతుంటే పెద్ద మోటారు కొనాలా?

కొనొద్దండి. లెగో గేటు బరువు పడగానే టకటకమని పళ్ళు ఒకదాని మీంచి ఒకటి దూకుతున్నాయన్నారు కదా, అది మోటారు తప్పు కాదు, ఫ్రేము విచ్చుకుని గేర్లు దూరం జరుగుతున్నాయి. బలం చాలని మోటారు మూలుగుతూ ఆగిపోతుంది, అంతే.

మాది అమలాపురం దగ్గర. వేసవి సెలవుల్లో మా అమ్మాయీ నేనూ లెగో టెక్నిక్ (గేర్లు, మోటార్లు ఉండే రకం) ముక్కలతో కాలవ తూము షట్టర్ కట్టాం. మాకూ ఇదే గోల. యాక్సిల్ (గేరు గుచ్చే కడ్డీ) చివర వేలితో నొక్కిపట్టుకుంటే చప్పుడు ఆగింది. మీరూ అలా చేసి చూడండి. ఆగిందంటే యాక్సిల్‌కి రెండో వైపు కూడా ఆధారం ఇచ్చి, ఫ్రేముకి నిలువుగా ఒక బీమ్ (వరసగా చిల్లులున్న పొడుగు ముక్క) బిగించాలి. ఇక్కడో చిక్కుంది. బ్రిక్ (ఇటుక ముక్క) ఎత్తు 9.6 మి.మీ., బీమ్ చిల్లుల మధ్య దూరం 8 మి.మీ. బ్రిక్ మీద బ్రిక్ పేరిస్తే వాటి చిల్లులు నిలువు బీమ్ చిల్లులతో కలవవు. మధ్యలో 3.2 మి.మీ. ప్లేట్లు (పలచటి ముక్కలు) రెండు పెట్టండి, బ్రిక్‌తో కలిపి మొత్తం 16 అవుతుంది, అంటే రెండు చిల్లుల దూరం, సరిగ్గా కూర్చుంటుంది. ఇది తెలియక నాకు వారం పోయింది.

తర్వాత ఇంకో తంటా. మోటారు ఆపగానే గేటు దబ్బున పడేది. "నాన్నా, లస్కరు (కాలవ గేట్లు చూసే మనిషి) హ్యాండిల్ వదిలేసినా తూము గేటు పడదు కదా?" అంది అమ్మాయి. నిజమే, అక్కడుండేది మరలున్న ఇనప కడ్డీ. హ్యాండిల్ తిప్పితే గేటు లేస్తుంది కానీ, గేటు బరువు హ్యాండిల్‌ని వెనక్కి తిప్పలేదు. మన ముక్కల్లో ఆ పని చేసేది మరలా ఉండే వార్మ్ గేర్. 24 పళ్ళ గేరుకి జోడిస్తే, వార్మ్ 24 చుట్లు తిరిగితే గేరు ఒక్క చుట్టు తిరుగుతుంది, అలా వేగం తగ్గి బలం పెరుగుతుంది. రాపిడి అందులో చాలా బలం తినేస్తుంది, అయినా మిగిలేది చాలు. వార్మ్ అటూ ఇటూ జరక్కుండా గట్టిగా పట్టి ఉంచండి.

అంత బలం వచ్చాక గేటు పైకి తగిలినా మోటారు ఊరుకోదు. నేను కాఫీకి లేచి వచ్చేలోగా యాక్సిల్‌ని జంతికలా మెలితిప్పేసింది. అప్పుడు మామూలు గేరు తీసేసి తెల్లటి 24 పళ్ళ క్లచ్ గేరు వేశాను. భారం హద్దు దాటితే అదే లోపల జారుతుంది.

అన్నట్టు, మీ బ్యాటరీ బాక్సులో రీఛార్జబుల్ బ్యాటరీలు ఉన్నాయా? ఆరు కలిపి 7.2 వోల్టులే వస్తాయి, మామూలువైతే 9. మోటారు నీరసంగా తిరుగుతుంటే ముందు అవి మార్చి చూడండి.